ఊరంతా ఒప్పుకుంటే న్యాయమైనట్టేనా? గృహహింస కేసులు చూసే అడ్వకేట్ జవాబు

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది, నాకు అర్థమైనట్టు కుదించి రాస్తాను. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ సెమినార్ పేపర్ కోసం మీరు పబ్లిక్ జస్టిఫికేషన్ గురించి చదివారు. రాజ్యం పౌరుల మీద బలం వాడేటప్పుడు వాళ్ళు ఒప్పుకోదగిన కారణం చూపాలి, లేకపోతే ఆ బలానికి అర్హత లేదు. ఇదీ దాని సారం. మీకు వచ్చిన చిక్కేమిటంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21)లో తెలంగాణ ఆడవాళ్ళే నూటికి 84 మంది భర్త కొట్టడం ఏదో ఒక సందర్భంలో సబబే అన్నారు. అలాంటి చోట గృహహింస చట్టాన్ని ఎవరి ఒప్పుదలతో సమర్థిస్తాం? ఇంకోవైపు 2019లో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితుల ఎన్‌కౌంటర్ తర్వాత జనం పోలీసుల మీద పూలు చల్లారు, మరి అది సమర్థన పొందినట్టేనా? చివర్లో, మీ పక్కింట్లో దెబ్బలు తినే అక్కకు ఈ సిద్ధాంతంతో ఏం ఒరుగుతుందని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఎంతమంది ఒప్పుకున్నారన్న లెక్కతో సమర్థన తేలదు. ఏ నిర్ణయం వల్ల ఎవరి బతుకు మీద దెబ్బ పడుతోందో ఆ మనిషిని మనతో సమానంగా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పగలిగే కారణం ఉందా లేదా, అదే పరీక్ష. గృహహింస చట్టం ఈ పరీక్షలో నెగ్గుతుంది. ఊళ్ళో పెద్దమనుషులు చేసే రాజీ చాలాసార్లు నెగ్గదు. ఎన్‌కౌంటర్ అసలు పరీక్షకే కూర్చోదు.

నేను హనుమకొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గృహహింస, మనోవర్తి కేసులు. లా కంటే ముందు మీ డిపార్ట్‌మెంట్‌లోనే ఎం.ఏ. చేశాను, కాబట్టి సిద్ధాంతం కొంత గుర్తుంది. ఇక్కడ రాసేది ఎక్కువగా కేసుల్లో చూసిందే.

సిద్ధాంతంలో చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1993లో దీన్ని విడమరిచి రాసినప్పుడు ‘ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి’ అని వదిలెయ్యలేదు. ఎదుటివాళ్ళను తనకు సమానులుగా ఎంచి, ఇద్దరికీ న్యాయంగా ఉండే షరతుల మీద కలిసి బతకడానికి సిద్ధపడే పౌరులు ఒప్పుకోదగిన కారణాలు కావాలన్నాడు. తాళి కట్టాను కాబట్టి కొట్టే హక్కు నాది అనే భర్త ఆ షరతులనే కాదంటున్నాడు. అతను ఒప్పుకోలేదని చట్టం ఆగిపోదు. అంతమాత్రాన అతన్ని పౌరుడి లెక్కలోంచి తీసేసినట్టు కాదు. అతనికి నోటీసు వెళ్తుంది, లాయర్ ఉంటాడు, తన మాట చెప్పుకునే వాయిదా ఉంటుంది. ‘కొట్టలేదు, మెట్ల మీంచి పడింది’ అంటే దాన్ని విని తీరాలి, ఎందుకంటే అది వాస్తవానికి సంబంధించిన వాదన. ‘కొట్టాను, అయితే ఏంది?’ అన్నదాన్ని మాత్రం చట్టాన్ని ఆపే కారణంగా ఎవరూ లెక్కించనక్కర్లేదు. తోసిపుచ్చేది ఆ కారణాన్ని, ఆ మనిషిని కాదు. ఈ తేడా మీ పేపర్‌లో స్పష్టంగా లేకపోతే, నచ్చనివాళ్ళందరినీ అవివేకులని పక్కన పెట్టే సిద్ధాంతమిది అని మీ ప్రొఫెసర్ పట్టుకుంటారు. ఆ విమర్శ నిజంగా ఉన్నదే, బలమైనదే.

ఇక 84 శాతం సంగతి. ఆ సర్వే ఎలా అడిగిందో ముందు చూడండి. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇంటినో పిల్లల్నో పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, పరాయి సంబంధం ఉందని అనుమానం రావడం, అత్తమామలను గౌరవించకపోవడం అని ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో భర్త కొట్టడం సబబేనా అని అడుగుతారు. ఒక్కదానికి అవునన్నా ఈ లెక్కలోకి వస్తారు. మగవాళ్ళను కూడా అడిగారు, ఆశ్చర్యంగా వాళ్ళలో అవునన్నవాళ్ళు ఆడవాళ్ళకంటే తక్కువ.

దీన్ని ‘ఆడవాళ్ళే ఒప్పుకున్నారు’ అని చదివేవాళ్ళను నేను నమ్మను. నా ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళలో చాలామంది మొదటి గంటలో ‘నాది కూడా తప్పుంది మేడం’ అనే అంటారు. అదే మనిషి రెండో గంటలో అర్జీ మీద సంతకం పెడుతుంది. ఊరి కట్టుబాటు ఏమిటని అడిగితే ఊరి కట్టుబాటే చెబుతారు. ఆ కట్టుబాటును తన మీద పెట్టడం న్యాయమేనా అన్నది వేరే ప్రశ్న, ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు. పైగా కాదనడానికి కాళ్ళ కింద నేల ఉండాలి. ఇల్లు అత్తగారిది, పొలం మామ పేరు మీద, తల్లిగారింట్లో అన్నా వదినా. అలాంటప్పుడు ‘కొట్టినా పర్లేదు, ఇంట్లోంచి వెళ్ళగొట్టకుంటే చాలు’ అనే మాట ఒప్పుదల ఎలా అవుతుంది? గతిలేనితనం మనిషి కోరికలనే కుదించేస్తుందని, అలా కుదిరిన కోరికలను చూసి అంతా బాగుందనుకోకూడదని అమర్త్య సేన్ చాలాచోట్ల రాశాడు. మా క్లయింట్లకు ఆయన ఎవరో తెలియదు కానీ ఆ సంగతి బాగా తెలుసు.

అందుకే 2005 గృహహింస చట్టంలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది శిక్ష కాదు, 17వ సెక్షన్. ఇల్లు ఎవరి పేరు మీదున్నా, కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందంటుంది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆ మేరకు ఆర్డర్ ఇవ్వొచ్చు. 2006లో సుప్రీంకోర్టు ఈ హక్కును బాగా కుదించింది, అత్త పేరున ఉన్న ఇంటి మీద కోడలికి హక్కు లేదంది. 2020లో సతీష్ చందర్ అహుజా కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ ఆ తీర్పు తప్పని చెప్పి దారి తెరిచింది. అదే తీర్పులో, ముసలి అత్తమామల హక్కును కూడా తూచి చూడాలని ఉంది. ములుగు వైపు నుంచి వచ్చిన ఒకామె మధ్యంతర ఆర్డర్ చేతికి వచ్చేదాకా నాకు సగం సంగతులే చెప్పింది. ఇల్లు పోదని తేలాకే మిగతా సగం బయటికి వచ్చింది. కాదనగలిగే స్థితి ముందు రావాలి, ఒప్పుదల ఉందో లేదో తర్వాత తెలుస్తుంది. మీ సిద్ధాంతం పుస్తకాల్లో ఈ వరస కొంచెం మసకగా ఉంటుంది.

పెద్దమనుషుల పంచాయితీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర చాలా కేసులు పోలీస్ స్టేషన్ కంటే ముందు అక్కడికే పోతాయి. మీరు చూసే ఉంటారు. ఇరువైపులా డబ్బు డిపాజిట్ పెట్టిస్తారు. వేపచెట్టు కిందో, కుల సంఘం భవనంలోనో కూర్చుంటారు. అమ్మాయి తరఫున తండ్రో అన్నో మాట్లాడతాడు. ఆమె ఒక మూల నిలబడి ఉంటుంది, ‘ఏం బిడ్డా, కాపురం చేస్తవా?’ అని చివర్లో అడుగుతారు. అప్పటికే నిర్ణయం అయిపోయి ఉంటుంది. ఆ మధ్యలో చెప్పే కారణాలను చెవిపెట్టి వినండి: ‘పిల్లల మొఖం చూడాలె’, ‘ఇంకో బిడ్డ పెండ్లికున్నది’, ‘కట్నం వాపసు అడిగితె రెండిండ్లు ఆగమైతయి’, ‘ఇంకోసారి కొడితె మేమున్నం’. వీటిలో ఒక్కటీ ఆమెను ఉద్దేశించి చెప్పింది కాదు. అన్నీ తండ్రికి చెప్పినవే. ఆమె ఆ చోట లేకపోయినా ఆ చర్చలో ఒక్క మాట మారేది కాదు. నేను వాడే గుర్తు ఇదే: ఆమెను అక్కడి నుంచి పంపించేసినా వాదన చెక్కుచెదరకపోతే, అది ఆమెకు చెప్పిన కారణం కాదు.

అయినా ఆడవాళ్ళు పంచాయితీకే ఎందుకు పోతారంటే దానికి న్యాయమైన కారణాలున్నాయి. ఊళ్ళోనే అవుతుంది, ఒక్క పూటలో తేలుతుంది, బస్సు చార్జీ లేదు, కూలి పోదు. గృహహింస చట్టం మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు పడాలని, 60 రోజుల్లో కేసు ముగించడానికి ప్రయత్నించాలని చెబుతుంది. కోర్టులో తిరిగినవాళ్ళెవరైనా ఈ మాట విని నవ్వుతారు. పంచాయితీని తిట్టే మేధావులు ఈ నవ్వుకు కూడా సమాధానం చెప్పాలి. ఆలస్యం చేసేది రాజ్యమే కాబట్టి, ఆ ఆలస్యానికి ఆమెకు చెప్పగలిగే కారణం రాజ్యం దగ్గర ఉండాలి. ‘స్టాఫ్ లేరు’ అన్నది కారణమే, కానీ ఏళ్ళ తరబడి అదే మాట చెబితే అది సాకు అవుతుంది.

ఇక్కడ ఒక పని ముచ్చట. పంచాయితీలో రాసుకున్న రాజీ కాయితాన్ని పారెయ్యొద్దని నేను అందరికీ చెబుతాను. పరకాల అవతల ఒక ఊరామె దగ్గర అలాంటి స్టాంపు కాయితాలు ఒకటికి మించి ఉండేవి, అన్నిట్లోనూ భర్త ‘ఇకమీదట కొట్టను, తాగి లొల్లి చెయ్యను’ అని సంతకం పెట్టాడు, కింద సాక్షులుగా పెద్దమనుషులు. కోర్టులో అతను ఎన్నడూ చెయ్యెత్తలేదని అఫిడవిట్ వేశాడు. ఆ కాయితాలు ముందు పెట్టాక అతని లాయర్ మధ్యవర్తిత్వానికి వస్తామన్నాడు. ఈసారి షరతులు ఆమె చెప్పింది.

స్టేషన్ దగ్గరికి వద్దాం. బలం అనగానే మనం లాఠీ, అరెస్టు, జైలు అనుకుంటాం. ఏమీ చెయ్యకపోవడం కూడా రాజ్యం తీసుకునే నిర్ణయమే. రాత్రి పదకొండింటికి చెంప వాచి వచ్చిన మనిషిని ‘పొద్దున రా, కౌన్సెలింగ్ పెడతాం’ అని పంపిస్తే, ఆ రాత్రి ఆమె ఏ ఇంటికి పోవాలో రాజ్యం నిర్ణయించినట్టే. దానికి ఎవరూ కారణం చెప్పరు, చెప్పాలని ఎవరికీ తట్టదు కూడా. చెయ్యకపోవడానికి సంజాయిషీ అక్కర్లేదని మనకు అలవాటైపోయింది. నేను క్లయింట్లకు చెప్పేది ఏమిటంటే, దరఖాస్తు రాసి ఇవ్వండి, రసీదు అడగండి. ఎఫ్ఐఆర్ కట్టకపోతే అదే దరఖాస్తును ఎస్పీ స్థాయి అధికారికి పోస్టులో పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఈ దారి ఉంది. రాతలో అడిగితే రాతలో జవాబు రావాల్సి వస్తుంది, సగం మార్పు అక్కడే వస్తుంది.

మీరు అడగలేదు కానీ చెప్పాలి, ఇదే సూత్రం నిందితుడికీ వర్తిస్తుంది. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 498ఏ (భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వం మీద పాత ఐపీసీ సెక్షన్) కింద ఆటోమేటిక్‌గా అరెస్టు చెయ్యొద్దని, ఎందుకు అరెస్టు చేస్తున్నారో, చెయ్యకపోతే ఎందుకు చెయ్యట్లేదో కారణం రాయాలని చెప్పింది. మా వైపు కొందరు అడ్వకేట్లకు ఆ తీర్పంటే ఒళ్ళుమంట. నాకు లేదు. ముసలి మామను, పెళ్ళికాని ఆడపడుచును కూడా లోపలేస్తే తప్ప మాట వినరనే ధోరణి కారణం చెప్పక్కర్లేని అధికారాన్నే కోరుకుంటుంది. ఆ అధికారం చివరికి ఎవరి వైపు తిరుగుతుందో స్టేషన్ల చుట్టూ తిరిగేవాళ్ళకు తెలుసు.

ఇల్లు ప్రైవేటు కదా, అందులోకి ఈ సిద్ధాంతం రాగలదా అన్న అనుమానం మీ ప్రశ్నలో వరసల మధ్య ఉంది. దీనిమీద మన దగ్గరే గొప్ప వాదన నడిచింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, సరిత వర్సెస్ వెంకటసుబ్బయ్య కేసులో, విడిపోయిన భార్యను తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. ఇష్టంలేని మనిషిని భర్తతో కలిసి ఉండమనడం ఆమె శరీరం మీద ఆమెకున్న అధికారాన్ని రాజ్యం లాక్కోవడమేనని ఆ తీర్పు సారం. కొన్ని నెలలకే ఢిల్లీ హైకోర్టు దానికి సరిగ్గా ఎదురు మాట చెప్పింది: రాజ్యాంగాన్ని ఇంట్లోకి తేవడమంటే పింగాణీ సామాన్ల దుకాణంలోకి ఎద్దును తోలినట్టేనంది. 1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఢిల్లీ వైపే నిలబడింది. 9వ సెక్షన్ ఇంకా పుస్తకంలో ఉంది. నా ప్రాక్టీసులో, భార్య మనోవర్తి కేసు వేసిన వారానికే భర్త వైపు నుంచి ఇది వచ్చి పడుతుంది, కాపురం మీద ప్రేమతో కాదు, డబ్బు ఎగ్గొట్టడానికి.

ఇల్లు కూడా న్యాయం పరిధిలోదేనన్న వాదన సిద్ధాంతం వైపు నుంచి స్త్రీవాద రాజనీతి సిద్ధాంతకర్త సుసాన్ మోలర్ ఓకిన్ 1989లో చేసింది. న్యాయం గురించి ఇంత రాసిన రాల్స్ కుటుంబాన్ని మాత్రం న్యాయంగానే ఉందని ఊహించుకుని ముందుకు పోయాడని ఆమె ఫిర్యాదు. రాల్స్ 1997 వ్యాసంలో దీనికి జవాబిచ్చాడు: ప్రైవేటు అంటే న్యాయం వర్తించని చోటు అని ఎవరైనా అంటే, అలాంటి చోటు అసలు లేదు. నా లెక్కలో ఆ జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది, కొంచెం చిన్నగా కూడా వచ్చింది. కానీ మీ పేపర్‌కు పనికొస్తుంది.

గల్ఫ్ ఇళ్ళ గురించి ఒక మాట, ఎందుకంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇది వేరే రూపంలో ఉంటుంది. భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఇక్కడ ఆమెను సతాయించేది అత్త, ఆడబిడ్డ. ‘మా కొడుకు పంపే పైసలతోని బతుకుతున్నవ్’ అన్నదే అక్కడ అన్నిటికీ కారణం. మొదట్లో గృహహింస చట్టంలో ప్రతివాది ‘వయోజన పురుషుడు’ అని ఉండేది, అది చూపించి అత్త మీద కేసు నిలబడదని వాదించేవాళ్ళు. 2016లో సుప్రీంకోర్టు చట్టంలోంచి ఆ మాటలు కొట్టేసింది. ఇప్పుడు కేసు నిలబడుతుంది.

మీరు రాసిన ఇంకో విషయం, ‘అందరూ ఒకే కారణం ఒప్పుకోవాలా, ఎవరి కారణంతో వాళ్ళు ఒకే చట్టానికి వస్తే చాలదా’ అన్నది. తత్వవేత్త జెరాల్డ్ గాస్ లాంటి వాళ్ళు రెండోది చాలంటారు. ఊళ్ళో పని జరిగేది కూడా నిజానికి అలాగే. నర్సంపేట వైపు ఒక ఊళ్ళో బెల్టు షాపు మూయించినప్పుడు సంఘం ఆడవాళ్ళు కూలి డబ్బు కోసం, పాస్టర్ తాగుడు పాపమని, స్కూలు సారు పిల్లల చదువు కోసం, వార్డు మెంబరు వచ్చే ఎన్నికల కోసం ఒక్కటయ్యారు. షాపు మూతపడింది, నాకు సంతోషమే.

కానీ దీన్ని నేను పూర్తిగా నమ్మకపోవడానికి కారణం ఇంకోచోట ఉంది. ‘ఇంటి పరువు’ అనే కారణంతో కొట్టడం ఆపమని చెప్పే పెద్దమనిషి, ఆమె కోర్టుకు పోతానన్న రోజు అదే ‘ఇంటి పరువు’ అని అడ్డం నిలబడతాడు. అతను మారలేదు. మొదటిరోజు నుంచి అతని కారణంలో ఆమె లేదు, ఇల్లు మాత్రమే ఉంది. జనాన్ని కూడగట్టడానికి ఎవరి కారణమైనా వాడుకోండి. ఆర్డర్ రాసేటప్పుడు, చట్టం చేసేటప్పుడు మాత్రం ఆమె కూడా వాడుకోగలిగిన కారణం ఉండాలి. సర్వేలో 84 శాతం గురించి మళ్ళీ అడిగేవాళ్ళకు అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో చెప్పింది చూపించండి: రాజ్యాంగ నైతికత మనుషులకు పుట్టుకతో వచ్చేది కాదు, పెంచుకోవాల్సింది, మనవాళ్ళు ఇంకా నేర్చుకోవాల్సి ఉంది అని.

ఇక ఎన్‌కౌంటర్. వరంగల్‌లో ఇది 2019తో మొదలవలేదు. 2008 డిసెంబర్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు, ఊరంతా మెచ్చుకుంది. 2019 నవంబర్ 27న శంషాబాద్ దగ్గర దిశ ఘటన, డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల కాల్చివేత. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తర్వాత విచారించి, చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది.

పూలు చల్లినవాళ్ళ కోపాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ కేసులో నిజంగా ఆడవాళ్ళకు సమాధానం చెప్పాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ రాత్రి బిడ్డ కనిపించడం లేదని పోయిన ఇంటివాళ్ళను పరిధి మాది కాదని తిప్పారన్న ఆరోపణ వచ్చింది, ఎఫ్ఐఆర్ ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ కూడా చేశారు. ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ కట్టాలన్న సూచన 2013 నాటి జస్టిస్ వర్మ కమిటీ నుంచీ ఉంది. అది ఎందుకు అమలు కాలేదు? డిసెంబర్ 6 తెల్లవారాక ఆ ప్రశ్న అడిగే గొంతు వినపడలేదు. తుపాకీ పేలాక జనం దృష్టి అటే పోయింది. ఎన్‌కౌంటర్‌కు ‘ఆత్మరక్షణ’ తప్ప ఇంకో కారణం చెప్పడానికి వీల్లేదు. జనం మెచ్చుకున్న కారణం ప్రతీకారం, కాయితం మీద రాసిన కారణం ఆత్మరక్షణ. మెచ్చుకున్న కారణాన్ని రాజ్యం నోటితో చెప్పలేని చోట పబ్లిక్ జస్టిఫికేషన్ గురించి మాట్లాడటానికే లేదు.

దీని పక్కన పెట్టి చూడాల్సింది ఆ నవంబర్‌లోనే, దిశ ఘటనకు మూడు రోజుల ముందు, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో జరిగింది. ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత మహిళను ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. టీవీలు అటు చూడలేదు. స్థానిక సంఘాలు, ఆమె ఇంటివాళ్ళు రోడ్డెక్కాక ప్రత్యేక కోర్టు వేశారు, 2020 జనవరి 30న ఆదిలాబాద్‌లో ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. నాకు ఉరిశిక్ష మీద నమ్మకం లేదు, అది వేరే చర్చ. కానీ సాక్షులెవరో, ఆధారం ఏమిటో, ఆ శిక్షే ఎందుకో ఆ తీర్పులో రాసి ఉంది. హనుమకొండలో 2019 జూన్‌లో పసిపాప మీద అత్యాచారం, హత్య కేసు చూడండి. ఆగస్టులో ఇక్కడి కోర్టు ఉరి వేసింది, నవంబర్‌లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. అప్పుడు మా బార్‌లో చాలామంది కోపంగా ఉన్నారు. ఎందుకు మార్చారో చదివి ఆ కారణంతోనే కొట్లాడారు. కొట్లాడటానికి కారణమంటూ ఒకటి ఎదురుగా ఉంది.

పెళ్ళిలో బలాత్కారం సంగతి త్వరగా చెప్పేస్తాను, మీరు దాన్ని వేరే పేపర్‌గా రాయొచ్చు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కూడా, భార్యకు 18 ఏళ్ళు నిండితే భర్త చేసింది అత్యాచారం కాదన్న మినహాయింపు అలాగే ఉంది. 2022 మేలో ఢిల్లీ హైకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో వైపు తీర్పిచ్చారు. మినహాయింపుకు చెప్పే పెద్ద కారణం వివాహ వ్యవస్థ దెబ్బతింటుందని. దెబ్బ తిన్న భార్యను కూర్చోబెట్టి ‘వ్యవస్థ కోసం నువ్వు ఓర్చుకో’ అని చెప్పగలరా? చెప్పలేరు కాబట్టే ఆ వాదన ఎప్పుడూ ఆమెను వదిలేసి సమాజంతో మాట్లాడుతుంది. విచిత్రం ఏమిటంటే అదే పనిని గృహహింస చట్టం 3వ సెక్షన్ లైంగిక హింస అంటుంది, సివిల్ ఉపశమనం ఇస్తుంది.

ఒక హెచ్చరిక. పబ్లిక్ అన్న మాట చూసి ఆమె సంగతంతా బజార్లో పెట్టాలనుకోకండి. బయట పెట్టాల్సింది రాజ్యం చెప్పే కారణాలు. గృహహింస కేసులో ఎవరైనా కోరితే విచారణ తలుపులు మూసి జరపొచ్చు. లైంగిక నేరాల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం, దిశ అన్న పేరు కూడా అందుకే పెట్టారు. మన దగ్గర సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది: ఆమె ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది, ఎఫ్ఐఆర్ ఎందుకు కట్టలేదన్నది మాత్రం గోప్యం.

పక్కింటి అక్క గురించి. ఆమెకు రాల్స్ పేరు చెప్పక్కర్లేదు. వీటిలో ఏది పనికొస్తుందో చూడండి. గృహహింస జరుగుతోందని నమ్మకం ఉన్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ నిలబడదని చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి మీకు ఆ టెన్షన్ వద్దు. ఆమె ఇప్పుడు తల్లిగారింట్లో ఉన్నా అక్కడి మేజిస్ట్రేట్ కోర్టులోనే అర్జీ వెయ్యొచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ను ఉచితంగా ఇస్తుంది, ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. హింసకు గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో కొద్దిరోజులు ఉండటానికి చోటు, కౌన్సెలర్, మెడికల్ సాయం ఉంటాయి. ఫోన్ చెయ్యాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181. దెబ్బలుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఎలా తగిలాయో డాక్టర్‌తో రాయించండి. ‘పడిపోయాను’ అని రాయిస్తే తర్వాత మాకు కష్టమవుతుంది.

ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 100కో 112కో వెంటనే ఫోన్ చెయ్యండి. మిగతా రోజుల్లో మాత్రం ఆమెను అడగకుండా ఏ ఫోనూ చెయ్యకండి. ఇంట్లో అత్తా భర్తా లేనప్పుడు, నీళ్ళ దగ్గరో కిరాణా కొట్టు దగ్గరో, ఇవన్నీ ఉన్నాయని ఒక్కసారి చెప్పి, ఏం చేద్దామంటావక్కా అని అడగండి. వద్దంటే నంబర్లు రాసిచ్చి రండి. మీ ఫోన్ రాత్రిపూట ఆన్‌లో ఉంచండి.